జాలహళ్ళిలో చప్పుడు లేని మధ్యాహ్నాలు

దేవదుర్గ తాలూకా జాలహళ్ళిలో మా పెద్దమ్మవాళ్ళ ఇంటి గింజల గదికి వేరుగా నేల వేయలేదు. ఇల్లు కట్టేటప్పుడు ఆ మూల బండ తేలిందట. పగలగొట్టడం ఎవరి వల్లా కాక దాని మీదనే గోడలు లేపి, జొన్న బస్తాలు పెట్టుకోవడానికి వదిలేశారు. ఎండాకాలం సెలవులకు రాయచూరు నుంచి వెళ్ళినప్పుడల్లా నేను ఆ బండ మీదే పడుకునేదాన్ని. చల్లగా ఉండేది. అంతకు మించిన గుణం ఆ గదికి ఉందని నాకు నలభై దాటేదాకా తెలియదు.

మాది రాయచూరు పట్టణమే. మా నాన్న రైల్వే పార్శిల్ ఆఫీసులో గుమాస్తా. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, వీధిలో ఉర్దూ. ఏ మాట ఏ భాషదో చాలాకాలం నాకు తేడా తెలియలేదు. మా ఇల్లు పట్టాలకు దగ్గర. బండి కూత వినపడక ముందే అరలో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగేవి. బండి ఇంకా కనపడకుండానే దాని కబురు నేలకు ఎలా తెలిసిందని నాన్నను అడిగితే, ఆయన నన్ను కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే తన స్నేహితుడి దగ్గరికి తీసుకువెళ్ళాడు. ఆ మాస్టారు చెప్పినది ఆ వయసులో సగమే అర్థమైంది. మిగతా సగం కోసం చదువుతూ పోయాను. రాయచూరులో బి.ఎస్సీ, ధార్వాడలో ఎమ్మెస్సీ, ఆ తర్వాత బెంగళూరులో అంతరిక్ష పరికరాలు తయారుచేసే ఒక ప్రయోగశాలలో ఉద్యోగం.

మాది రాకెట్లు చేసే పని కాదు. రాకెట్లవాళ్ళు వేరే, గ్రహాల మీద దిగే ల్యాండరు చేసేవాళ్ళు వేరే. మేం వాళ్ళ బండిలో ఒక మూల మా చిన్న సామాను పెట్టుకుని పంపేవాళ్ళం. బండిలో చోటు తక్కువ, సామాను ఎక్కువ. నేను మొదట పనిచేసిన పరికరాన్ని ఏళ్ళ తరబడి తయారుచేశాక, బరువు ఎక్కువైందని చివర్లో పక్కన పెట్టారు. ఆ కబురు తెలిసిన రోజు నేను పరీక్షల గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాను. మా బృందానికి పెద్ద అయిన ఆయన తలుపు తట్టి లోపలికి వచ్చాడు. ఆయన్ని మేమందరం సార్ అనేవాళ్ళం, ఇక్కడా అలాగే అంటాను.

"పెట్టె ఇక్కడ ఉండిపోయింది, అంతే. చెయ్యడం మనకొచ్చింది కదమ్మా, అదెక్కడికీ పోదు. పద, టీ తాగొద్దాం," అన్నాడు.

సార్‌ది మా జిల్లానే. కానీ ఆయన రాయచూరు వేరు, నా రాయచూరు వేరు. ఆయన తల్లిదండ్రులు తుంగభద్ర కాలువ వచ్చాక గుంటూరు వైపు నుంచి వచ్చి పోతనాళ దగ్గర క్యాంపులో, అంటే వలస రైతులు కట్టుకున్న కొత్త ఊళ్ళో, దిగి వరి వేసుకున్నారు. ఆయన తెలుగు వాళ్ళ తెలుగు, నాది మా ఇంటి తెలుగు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను 'గట్ల' అన్నప్పుడల్లా నవ్వేవాడు. ఆయన 'అట్టాగే' అన్నప్పుడు నేనూ నవ్వేదాన్ని. ఒకే జిల్లావాళ్ళం ఎక్కడో బెంగళూరులో కలిసి, ఒకరి మాట ఒకరు నేర్చుకున్నాం.

కొన్నేళ్ళకు మళ్ళీ అవకాశం వచ్చింది. చంద్రుడి మీద దిగే ల్యాండరులో, నేల కదిలితే చెప్పే పరికరం ఒకటి పెట్టాలన్నారు. భూకంపాలు కొలిచే యంత్రం లాంటిదే, కానీ అరచేతిలో ఇమిడేది. లోపల సన్నని సిలికాన్ పట్టీల మీద ఒక చిన్న బరువు వేలాడుతూ ఉంటుంది. నేల కదిలితే పెట్టె కూడా కదులుతుంది, బరువు మాత్రం ఒక్క క్షణం వెనకబడుతుంది. ఆ వెనకబాటును కొలవడమే మా పని. చంద్రుడి మీద దేని బరువైనా ఆరో వంతే కాబట్టి, అక్కడికి వెళ్ళే పెట్టె ఇక్కడ సరిగా పనిచేయదు. అందుకని పట్టీలు బిగువు చేసిన జత పెట్టెలు రెండు చేశాం, భూమి మీద పరీక్షించడానికి.

పరీక్షల్లో ఒక చిక్కు వచ్చింది. కంప్యూటరు మీద గీత ఎప్పుడూ సన్నగా వణుకుతూనే ఉండేది. ఆ రొద మా పెట్టెదో, కింద నేలదో చెప్పలేకపోయాం. మా ప్రయోగశాల చుట్టూ బెంగళూరు. మెట్రో పిల్లర్లు, లారీలు, జనరేటర్లు, పై అంతస్తులో కుర్చీలు జరిపే వాళ్ళు. నేల ఒక్క క్షణమైనా ఊరుకుంటే కదా మా పెట్టె సంగతి తేలేది. ఇలాంటి పరీక్షలకు దేశంలో నిశ్శబ్దమైన గదులు కొన్ని ఉన్నాయి. వాటిలో వేరేవాళ్ళ యంత్రాలు నడుస్తున్నాయి, మా వంతు రావడానికి చాలా నెలలు పడుతుందన్నారు. పెట్టెను ల్యాండరువాళ్ళకు అప్పగించే గడువు మాత్రం దగ్గర పడుతోంది.

ఒక మీటింగులో ఎక్కడికి వెళ్దామని అందరూ మాట్లాడుకుంటుంటే నాకు ఆ బండ గుర్తొచ్చింది. చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించి, చివరికి చెప్పాను.

"గింజల గదా?" అన్నాడు సార్.

"అవును సార్. నేలంతా ఒకటే బండ. ఆ తాలూకాలో రైలు లేదు, దగ్గర్లో ఫ్యాక్టరీ లేదు. గోడలు మందం, లోపల ఎండా గాలీ తగలవు."

"ఎలకలు?"

"ఉంటాయి సార్."

మిగతావాళ్ళు నవ్వారు. సార్ నవ్వలేదు. దేవదుర్గ వైపు నేల ఆయనకూ తెలుసు. పొలంలో ఎక్కడ గునపం వేసినా కాసేపటికి రాయి తగిలే నేల అది. ఒకసారి చూసి వద్దాం పద, అన్నాడు.

కంది పూత మీద ఉన్నప్పుడు వెళ్ళాం. జీపులో రెండు పెట్టెలు, బ్యాటరీలు, మాతో ఇద్దరు ఇంజనీర్లు. దేవదుర్గ దాటాక రోడ్డుకు ఇరువైపులా పత్తి, కంది, మధ్యలో ఏనుగు వీపుల్లా నల్లటి గుట్టలు. పెద్దమ్మకు నేను ఫోనులో చెప్పింది ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు కానీ, మేం వెళ్ళేసరికి గది ఖాళీ అయిపోయింది. బస్తాలన్నీ వరండాలోకి చేరాయి. బండను కడిగి ఆరబెట్టి ఉంచింది.

సార్ ఇబ్బంది పెడుతున్నామండి అంటే, ఇబ్బంది ఏముందని కొట్టిపారేసింది. ఆమె అనుమానం వేరే. "మీరు క్యాంపోళ్ళు గదా సార్. రొట్టె తింటరా, అన్నం వండాల్నా?"

"రొట్టే తింటానండి. మా అమ్మ కూడా ఈ జిల్లాకొచ్చాక నేర్చుకుంది. కాకపోతే ఎప్పుడూ గుండ్రంగా రాలేదు."

పెద్దమ్మకు ఆ మాట నచ్చింది. ఆ రోజు నుంచి సార్‌కు నాకంటే ఒక రొట్టె ఎక్కువే పడేది.

భోజనాలయ్యాక ఆమె గది గుమ్మంలో కూర్చుని, మేం బండ మీద పెట్టెలు అమర్చడం చూస్తూ అడిగింది. "ఏంది బిడ్డా, చంద్రుని మీద ఏం ఇనాలని గింత తండ్లాడుతున్నరు? ఆడ ఎవరున్నరు మాట్లాడనీకి?"

"మాటలు గాదు పెద్దమ్మా. ఆడి నేల కదిలితె లోపల ఏమున్నదో తెలుస్తది. కల్లంగడి కొనేటప్పుడు తట్టి చూస్తం గదా, పండిందా లేదా అని. గట్లనే."

కల్లంగడి అంటే మా వైపు పుచ్చకాయ. పెద్దమ్మ తల ఊపింది. ఆ తర్వాత నన్ను ఎవరు ఏం అడిగినా మా పని గురించి ఆమే చెప్పేది, ఆ కల్లంగడి మాటతోనే. నేను ఎన్ని సభల్లో ఎన్ని బొమ్మలు చూపించి చెప్పినా, అంత తొందరగా ఎవరికీ అర్థం చేయించలేకపోయాను.

మొదటి రోజు గీత చూసి మాకు నీరసం వచ్చింది. బెంగళూరు కన్నా ఎంతో నయమే, కానీ చాలదు. రాత్రిళ్ళు పొలాల్లో పంపుసెట్లకు కరెంటు ఇస్తారు కాబట్టి తెల్లవార్లూ మోటార్ల రొద. పొద్దున ట్రాక్టర్లు, బస్సులు. కాస్త నెమ్మదిగా ఉండేది భోజనాల తర్వాత మధ్యాహ్నమే. ఆ మధ్యాహ్నమంతా వెనక వీధిలో పిండి గిర్ని ఆడుతూ ఉంటుంది.

గిర్ని నడిపేది ఒక పెద్దాయన. ఊరంతా చాచా అంటారు. నేనూ సార్ వెళ్ళి విషయం చెప్పాం. చాచా గిర్ని ఆపి, ఒళ్ళంతా పిండితోనే మాకు కుర్చీలు వేసి, శ్రద్ధగా విన్నాడు.

"నా గిర్ని చప్పుడు చంద్రుని దాక పోతదా బేటీ?" అన్నాడు.

అంత దూరం పోదని, పెద్దమ్మ ఇంటి దాకానే వస్తోందని చెప్పాను. ఆయన నవ్వాడు. మధ్యాహ్నం పూట బంద్ చేస్తానని, జొన్నలు పొద్దున్నే తెచ్చుకొమ్మని అందరికీ తానే చెప్పుకుంటానని అన్నాడు. ఎన్నాళ్ళని సార్ అడగబోతే, "మీ పని అయ్యేదాక. నేను కూడ కొంచెం ఆరామ్ చేస్త," అన్నాడు. మర్నాటి నుంచి జనం పొద్దున్నే గంపలు పట్టుకుని గిర్ని ముందు వరుసలో నిలబడ్డారు. ఒక్కరూ విసుక్కోలేదని నేను చెప్పను. కానీ ఆ విసుగు మా గుమ్మం దాకా రాకుండా చాచా అక్కడే నవ్వించి పంపేసేవాడు.

గిర్ని ఆగాక గీత మీద ఇంకోటి బయటపడింది. మధ్యాహ్నం మొదట్లో టప్, టప్, టప్ అని వరుసగా చిన్న దెబ్బలు. కాసేపు ఆగి మళ్ళీ మొదలు. అంత లెక్కగా వస్తున్నాయంటే పెట్టె లోపలి గడియారానిదే తప్పని సార్ అనుమానించాడు. ఇంజనీర్లు పెట్టె విప్పడానికి సిద్ధమయ్యారు. నేను ఎందుకో బయటికి వచ్చి నిలబడ్డాను. ఎదురింట్లో ఒకామె వసారాలో బండ ముందు కూర్చుని జొన్న రొట్టెలు తడుతోంది. లోపలి నుంచి ఇంజనీరు దెబ్బ పడినప్పుడల్లా 'ఇదిగో' అంటున్నాడు. ఆమె చెయ్యి పడినప్పుడల్లా ఇదిగో. ఆమె పిండి అద్దుకోవడానికి ఆగితే అతనూ ఆగాడు.

ఆమె ఇంట్లో మాట కన్నడం. నేను కన్నడంలోనే ఆమెకు సంగతి చెప్పాను. ముందు నమ్మలేదు. లోపలికి తీసుకువెళ్ళి గీత చూపించి, ఒక ఇంజనీరును వాళ్ళ వసారాలో బండ మీద తట్టమన్నాను. గీత ఎగరగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తన రొట్టె చప్పుడు ఇంత దూరం వస్తుందని మొగుడితో చెబితే నమ్ముతాడా అంది. ఆ మర్నాటి నుంచి పొద్దున్నే రొట్టెలు చేసేసి, మధ్యాహ్నం వాళ్ళిద్దరూ చల్లారినవే తిన్నారు. వద్దమ్మా, ఆ కాసేపూ మేమే ఆగుతామని చెప్పినా వినలేదు.

ఇలా ఒక్కొక్క చప్పుడూ తగ్గుతూ వచ్చింది. ట్రాక్టర్లవాళ్ళు మధ్యాహ్నం మా వీధి వదిలి చుట్టూ తిరిగి వెళ్ళేవారు. వీధిలో కట్టెలు కొట్టడం ఆపేశారు. ఎవరూ మీటింగు పెట్టి చెప్పలేదు, పెద్దమ్మా చాచా ఇంటింటికీ నోటిమాటగా చెప్పారంతే. మేం రెండు వారాలకోసారి బెంగళూరు వెళ్ళి వస్తుండేవాళ్ళం. మేం లేనప్పుడు కూడా పెట్టెలు నడుస్తూనే ఉండేవి, ఊరు మధ్యాహ్నాలు మెల్లగానే నడిచేది. అయినా మాకు కావలసినంత నిశ్శబ్దం దొరకలేదు. రొద మా పెట్టెదేనని కొన్నిసార్లు అనిపించేది, కాదని కొన్నిసార్లు. సార్ ముఖంలో కూడా గడువు భయం కనపడసాగింది.

కంది కోతలు అయిపోయిన కొన్నాళ్ళకు మళ్ళీ వెళ్ళాం. ఆ మధ్యాహ్నం గది లోపల కూర్చుని గీత చూస్తే మొదట యంత్రం ఆగిపోయిందనుకున్నాం. అంత తిన్నగా ఉంది. ఆగలేదు. నేల నిజంగానే ఊరుకుంది. అలాంటి నిశ్శబ్దం మేం ఎన్నడూ చూడలేదు. అందులో అసలు సంగతి ఎంత సులువుగా తేలిందంటే, ఇన్నాళ్ళు పడ్డ శ్రమ తలుచుకుని నాకు నవ్వొచ్చింది. రెండు పెట్టెల్లో ఒకదానిలోనే సన్నని రొద మిగిలింది. నేలది అయితే రెండింటిలోనూ ఉండాలి. అంటే అది పెట్టెదే. ఇంజనీర్లు వెతికితే ఆ పెట్టెలో కరెంటు అందించే చిన్న బోర్డు వేలాడే బరువుకు మరీ దగ్గరగా ఉండటం వల్ల అని తెలిసింది. దాన్ని జరిపి, రేకు అడ్డం పెడితే పోతుంది. చంద్రుడికి వెళ్ళే పెట్టెలోనూ బోర్డు అలాగే ఉంది, అదే మార్పు చేస్తే చాలు.

సార్ చిన్నపిల్లవాడిలా లేచి నిలబడ్డాడు. బెంగళూరుకు ఫోను చేశాడు. ఒకటే మాట మూడుసార్లు చెప్పాడు. నేను ఈ శుభవార్త ఎదురింటామెకు చెబుదామని బయటికి వచ్చాను.

ఎదురింటికి తాళం వేసి ఉంది. పక్కింటికీ తాళమే. వీధి చివరి దాకా నడిచాను. సగానికి పైగా తలుపులు మూసి, గొళ్ళేలకు తాళాలు వేలాడుతున్నాయి. కొన్ని గుమ్మాలకు ముళ్ళకంప అడ్డం పెట్టి ఉంది. ఒక అరుగు మీద ముసలాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. నేను వెనక్కి వచ్చేసరికి పెద్దమ్మ వరండాలో బస్తాల మధ్య కూర్చుని కందులు చెరుగుతోంది.

"ఎక్కడికి పోయిండ్రు పెద్దమ్మా అందరు?"

"పనికి పోయిండ్రు బిడ్డా. ఏటా పోయేదే గదా. బెంగళూరు, పూనా. బిల్డింగు పనులకు. పోయిన వారమే రెండు బస్సులు నిండ పోయిండ్రు." ఆమె కొంగు ముడి విప్పి ఎదురింటి తాళంచెవి చూపించింది. "నా కాడ్నే ఇడిసిపోయింది. మల్ల వానలు పడ్డంక వస్తది."

అది నాకు తెలియని సంగతేం కాదు. ఆ తాలూకాలో ఎండాకాలం రాకముందే ఊళ్ళు ఖాళీ అవుతాయని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. కానీ మా గీత అంత తిన్నగా ఎందుకుందో ఆ తాళంచెవి చూశాకే తట్టింది. పెద్దమ్మ నా ముఖం చూసి, చెరగడం ఆపలేదు కానీ, "నీ పని అయ్యిందా లేదా?" అని అడిగింది. అయ్యిందన్నాను. "మంచిగైంది. ఆమె పోయేటప్పుడు కూడ అడిగింది, వాళ్ళ పని అయ్యిందా అని," అంది.

లోపలికి వెళ్ళి సార్‌కు చెప్పాను. ఆయన ఫోను జేబులో పెట్టుకుని గుమ్మం మీద కూర్చున్నాడు. ఎదురింటి తలుపు వైపు చూశాడు.

"మా నాన్నవాళ్ళు నీళ్ళున్నాయని ఈ జిల్లాకొచ్చారమ్మా. వీళ్ళు ఈ జిల్లాలోనే ఉండి, నీళ్ళు లేక పోతున్నారు. మధ్యలో అరవై డెబ్బై మైళ్ళు కూడా లేవు," అన్నాడు.

మిగిలిన రోజులు మేం పని శ్రద్ధగా చేసుకున్నాం. దొరికిన నిశ్శబ్దంలో ఒక్క మధ్యాహ్నాన్ని కూడా వృథా చేయలేదు. చేసివుంటే అది వాళ్ళకు చేసిన అవమానం అయ్యేదని నాకనిపించింది.

బెంగళూరు వచ్చాక కడుతున్న బిల్డింగుల పక్కగా వెళ్ళేటప్పుడు చెవి ఆ వైపే ఉండేది. ఒకరోజు మా ప్రయోగశాల దారిలో ఇటుకలు మోస్తున్న ఆడవాళ్ళ మాటల్లో దేవదుర్గ కన్నడం వినపడి ఆగాను. ఎదురింటామె కాదు. జాలహళ్ళి పక్క ఊరివాళ్ళు. నాది రాయచూరని చెబితే, ఊరి మనిషి కనపడ్డట్టు ముఖాలు విప్పి, అక్కడ వాన జాడ ఏమైనా ఉందా అని అడిగారు.

ఆ తర్వాత పరికరం వెళ్ళింది. అది వెళ్ళడం, దిగడం మిగతా లోకంతో పాటు నేనూ తెర మీదే చూశాను. అప్పుడు చప్పట్లు కొట్టిన చేతులు నావి కూడా. కానీ నా అసలు ఘడియ రెండు రోజుల తర్వాత వచ్చింది. మా పెట్టెను నేల మీదకు దించి, పనిచేయమని ఆజ్ఞ పంపాం. తిరిగి వచ్చిన మొదటి గీత తిన్నగా, శుభ్రంగా, రొద లేకుండా ఉంది. సార్ అప్పటికే రిటైరై పోతనాళ వెళ్ళిపోయాడు. వెంటనే ఆయనకు ఫోను చేశాను. "జాలహళ్ళి మధ్యాహ్నంలా ఉంది సార్," అన్నాను. అటువైపు ఆయన వెనక ఎక్కడో వరి నూర్పిడి యంత్రం చప్పుడు వినపడింది.

చంద్రుడి పగలు మన లెక్కన రెండు వారాలు. మా పెట్టెకు ఆయుష్షు అంతే. ఆ తర్వాతి చలికి అది తట్టుకోదు. ఆ రెండు వారాల్లో పక్కన తిరిగే చిన్న బండి చక్రాల అదురు వినిపించింది, ఎండకు ల్యాండరు కాళ్ళు సాగే చిటపటలు వినిపించాయి. ఒకేఒక్కసారి, మా సామానుల్లో దేనిదీ కాని చిన్న కదలిక వచ్చింది. నేల లోపలిదే అయ్యుండవచ్చని రాశాం. అంతకన్నా గట్టిగా చెప్పడానికి మా దగ్గర ఆధారం లేదు. అయినా ఆ చిన్న గీతను నేను ఎన్నిసార్లు చూసుకున్నానో. ఇంకో ప్రపంచపు నేల కదిలితే విన్న కొద్దిమందిలో నేనొకదాన్ని. పార్శిల్ గుమాస్తా కూతురికి ఇంతకన్నా ఏం కావాలి?

వానలు పడి, విత్తనాలకు జనం ఊరు చేరాక జాలహళ్ళి వెళ్ళాను. సార్ పోతనాళ నుంచి తన కారులో వచ్చాడు. వాళ్ళు ఇచ్చినదానికి ఫలితం ఏమైందో వాళ్ళకు వినిపించాలి కదా. చంద్రుడి కదలికను చెవికి వినపడేటంత వేగం పెంచి, ఒక స్పీకరు తీసుకువెళ్ళాను. పెద్దమ్మ వరండాలో నలభై యాభై మంది కూర్చున్నారు. చాచా ముందు వరుసలో కుర్చీ వేసుకున్నాడు. ఎదురింటామె గోడకు ఆనుకుని నిలబడింది. ఎండకు కమిలి సన్నబడింది.

వినిపించాను. గరగరమని సన్నని శబ్దం, మధ్యలో ఒక్క 'టక్'. అయిపోయింది.

"గింతేనా?" అంది పెద్దమ్మ.

అందరూ నవ్వారు. అంతే పెద్దమ్మా అని నేనూ నవ్వాను. మళ్ళీ వినిపించమన్నారు, మళ్ళీ వినిపించాను. మర్యాదకు మూడోసారీ విన్నారు.

అప్పుడు ఎదురింటామె కన్నడంలో అడిగింది. మా ఊరి చప్పుడు కూడా ఇట్లాగే పట్టుకున్నారు కదా, అది ఉందా, వినిపిస్తారా అని.

అది నా కంప్యూటరులోనే ఉంది. పనికిరాదని పక్కన పెట్టిన మొదటి వారం గీతలు. వెతికి, అలాగే వేగం పెంచి పెట్టాను. ముందు ఒక పెద్ద రొద వచ్చింది. చాచా కుర్చీలోంచి సగం లేచాడు.

"నా గిర్నినే ఇది. అప్పుడు బెల్టు లూజుండె, చూడు, ఎట్ల ఊగుతుందో," అన్నాడు పక్కవాడితో.

తర్వాత బస్సు. అది లింగసుగూరు బస్సని ఒకరు, కాదు దేవదుర్గదని ఒకరు. కట్టెలు కొట్టే చప్పుడు ఎవరిదో తేలక కాసేపు వాదించుకున్నారు. ఆ తర్వాత టప్, టప్, టప్. వేగం పెంచడం వల్ల చిన్న డప్పులా వినపడింది. నేను చెప్పాల్సిన పని లేకపోయింది. ఎదురింటామె అప్పటికే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్ళాయన ఆమె వైపు చూసి ఏదో అన్నాడు. ఆమె నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆ ముక్క మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నారు.

తాము ఊళ్ళో లేనప్పుడు ఎట్లా ఉండేదని ఆమె అడిగింది.

నాకు వెనకాడాలనిపించింది. సార్ వైపు చూశాను. ఆయన తల ఊపాడు. ఆ నిశ్శబ్దమైన మధ్యాహ్నాన్ని పెట్టాను. మా వృత్తిలో అంతకన్నా మంచి రికార్డు నాకు లేదు. స్పీకరు నుంచి దాదాపు ఏమీ రాలేదు. వరండాలో అంతమంది కదలకుండా దాన్ని విన్నారు. ఎవరూ దగ్గలేదు కూడా.

కొంతసేపటికి ఆమె మెల్లగా, "ఇది వద్దక్కా. ముందుదే పెట్టండి," అంది.

ముందుదే పెట్టాను. చీకటి పడేదాకా అదే నడిచింది. పెద్దమ్మ అందరికీ టీ పెట్టించింది. సార్ చాచా పక్కన కూర్చుని గిర్ని బెల్టు గురించి మాట్లాడుతున్నాడు. నేను ఎదురింటామె ఫోనులోకి ఆ రికార్డు ఎక్కించి ఇచ్చాను. నా నంబరు కూడా.

కోతలయ్యాక ఆమె మళ్ళీ బెంగళూరు వచ్చింది. ఆ రాక ఆపడం నా చేతిలో లేదు. కానీ ఈసారి వచ్చిన వారానికే ఫోను చేసింది. ఆదివారాలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటుంది. మా ప్రయోగశాలలో ఏడాదికోసారి బయటివాళ్ళను రానిచ్చి పరికరాలు చూపించే రోజు ఉంటుంది. ఆ రోజు ఆమెనూ, వాళ్ళాయననూ పిలిచాను. జాలహళ్ళిలో ఉన్న జత పెట్టెల్లో ఒకదాన్ని ఇప్పుడు గాజు పెట్టెలో ఉంచి, కింద దాని పని గురించి రాశారు. కాలేజీ పిల్లలు, వాళ్ళ పంతుళ్ళు దాని చుట్టూ మూగి ఉన్నారు. మా కొత్త ఇంజనీరు వాళ్ళకు చంద్రుడి గురించి ఉత్సాహంగా చెబుతున్నాడు.

ఆమె జనం మధ్య నుంచి దారి చేసుకుని ముందుకు వెళ్ళి, గాజు మీద వేలు పెట్టి చూపిస్తూ పక్కనున్న పంతులమ్మతో కన్నడంలో అంది. "ఇది మా వీధిలోనే ఉండేది. మా ఎదురింట్లో."

ఇంజనీరు చెప్పడం ఆపి నా వైపు చూశాడు. నిజమే, ఆమెనే చెప్పనివ్వు అన్నాను.